మందిరానికి మాటిచ్చారు సరే, అప్పు తెచ్చి ఇస్తారా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం. నెలకు 38,000 చేతికి వస్తుంది. అమ్మానాన్నలు నాతోనే ఉంటారు, నాన్నగారికి షుగరు, బీపీ ఉన్నాయి. మా చర్చికి దశమ భాగం, అంటే జీతంలో పదో వంతు, 3,800 ప్రతి నెలా మొదటి ఆదివారమే ఇచ్చేస్తాను. అద్దె, ఇంటి ఖర్చులు 19,000. బండి వాయిదా 3,400, ఇంకా 14 నెలలు కట్టాలి. లక్ష రూపాయల చీటీకి నెలకు 5,000, ఇంకా 9 నెలలుంది. పొదుపు ఖాతాలో 11,000 ఉన్నాయి. మా సంఘం కొత్త మందిరం కడుతోంది. యువజన కూటంలో 3 లక్షలు ఇస్తానని నిలబడి వాగ్దానం చేశాను. ఇప్పటికి 25,000 ఇచ్చాను. అందుకోసం ఫోనులో ఒక లోన్ యాప్ నుంచి 15,000 తీసుకుంటే 13,200 చేతికి వచ్చింది, నెలలోగా 15,000 తిరిగి కట్టాలి. క్రిస్మస్‌లోగా స్లాబు వేయాలంటున్నారు. బ్యాంకు 16 శాతం వడ్డీకి, నాలుగేళ్ల గడువుతో 3 లక్షల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. అది తీసుకోనా, చీటీ పాడుకోనా? దశమ భాగం మొత్తం జీతం మీద లెక్కించాలా, చేతికి వచ్చినదాని మీదా? ఆరోగ్య బీమా తీసుకుంటే దేవుని మీద విశ్వాసం లేనట్టే అని మా పెద్దలు కొందరు అంటారు. మొక్కుకొని చెల్లించకపోవడం తప్పని బైబిల్లోని ప్రసంగి గ్రంథంలో ఉంది కదా, అదే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

జవాబు: లోన్ తీసుకోవద్దు. చీటీ పాడవద్దు. యాప్ బాకీ మాత్రం ఈ నెలలోనే తీర్చేయండి.

మీ ఉత్తరాన్ని పక్కన పెట్టలేకపోయాను. భక్తితో మాట ఇచ్చి, దాన్ని నిలబెట్టుకోవడానికి అప్పుల పాలయ్యేవారు అన్ని మతాల్లోనూ ఉన్నారు. గుడి శిఖరానికైనా మందిరం స్లాబుకైనా బ్యాంకు వేసే వడ్డీ ఒకటే.

ముందు ఆ యాప్ సంగతి. 13,200 వాడుకున్నందుకు నెలకు 1,800 కడుతున్నారు. ఏడాదికి లెక్కగడితే 160 శాతం దాటుతుంది. వీధి చివర వడ్డీ వ్యాపారి ఈ రేటు చెబితే మీరు అక్కడే లేచి వచ్చేసేవారు. ఫోనులో నాలుగుసార్లు వేలితో నొక్కితే డబ్బు పడిపోయింది కాబట్టి నొప్పి తెలియలేదు. ఖాతాలోని 11,000కు ఈ నెల మిగులులోంచి 4,000 కలిపి కట్టేసి, రసీదు దాచుకుని, యాప్ తీసేయండి. మీ ఫోనులోని కాంటాక్టులు చూస్తామని అడిగే యాప్ అయితే అది రిజర్వు బ్యాంకు నిబంధనలకే విరుద్ధం.

ఇక బ్యాంకు అప్పు. 3 లక్షలకు 16 శాతం చొప్పున నాలుగేళ్లకు నెలవారీ వాయిదా సుమారు 8,500. మీరు చెప్పిన ఖర్చులన్నీ పోగా నెలకు మిగిలేది 6,800. అంటే మొదటి నెల నుంచే 1,700 తక్కువ. ఆ లోటు పూడ్చడానికి మళ్లీ ఏ యాప్ దగ్గరికి వెళ్తారో నాకు తెలుసు, మీకూ తెలుసు. నాలుగేళ్లలో వడ్డీయే లక్షా ఎనిమిది వేలు. అందులో ఒక్క ఇటుక కూడా మందిరానికి చేరదు.

నేను పాస్టరును కాను, వాక్యం చెప్పే అర్హత నాకు లేదు. కానీ ప్రసంగిని మీరే తెచ్చారు కాబట్టి కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయం కూడా తీసి చూడండి. కానుక లేనిదాన్ని బట్టి కాదు, ఉన్న కలిమి కొలదీ ప్రీతికరమని పౌలు అందులో రాశాడు. అప్పు చేసినవాడు అప్పిచ్చినవాడికి దాసుడని సామెతల గ్రంథం చెబుతుంది. మీరు ఇస్తానన్నది 3 లక్షలు. క్రిస్మస్ అన్న గడువు మేస్త్రీ పెట్టింది. పాస్టరుగారి దగ్గరికి వెళ్లి, వాయిదాల్లో ఇస్తానని, ఎప్పటి నుంచి ఇవ్వగలనో కాగితం మీద రాసి చూపించండి.

ఇప్పుడు నాకు అసలు గుబులు పుట్టించిన విషయం. మీ ముగ్గురికీ కలిపి ఉన్న రక్షణ 11,000 రూపాయలు. అదీ యాప్ బాకీకి పోతోంది. నాన్నగారికి ఏ రాత్రో ఛాతీలో నొప్పి వస్తే ఆస్పత్రి కౌంటరులో అడ్వాన్సు ఎవరు కడతారు? సంఘం ప్రార్థన చేస్తుంది, నలుగురూ తలో చెయ్యీ వేస్తారు, కాదనను. బిల్లు మాత్రం మీ పేరు మీదే వస్తుంది.

బీమా అవిశ్వాసం అనేవారిని ఒక్క మాట అడగండి: నాన్నగారు షుగరు మాత్రలు మానేయాలా? మీరు హెల్మెట్ తీసేయాలా? మీ బండికి థర్డ్ పార్టీ బీమా ఎలాగూ ఉండాలి, లేకపోతే చట్టం ఒప్పుకోదు. రాబోయే కరవు సంగతి దేవుడే తెలియజేసినా, యోసేపు ఐగుప్తులో ఏడేళ్లపాటు పంటలో ఐదో వంతు కొట్లలో పోయించాడు. దాన్ని విశ్వాసలోపమని ఎవరూ అనలేదు.

కాబట్టి వచ్చే నెల నుంచి ఇలా చేయండి. ముగ్గురికీ కనీసం 5 లక్షల ఆరోగ్య బీమా తీసుకోండి. నాన్నగారి వయసు, షుగరు వల్ల ప్రీమియం ఏడాదికి 30,000 దాటినా ఆశ్చర్యపోకండి, నెలనెలా కట్టే వీలు అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు, అది కొంత నయం. మీ పేరున 50 లక్షల టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు సొమ్ము వచ్చే జీవిత బీమా) కూడా తీసుకోండి, మీ వయసులో నెలకు వెయ్యి లోపే. ఆఫీసు గ్రూపు బీమా ఉంటే మంచిదే, కానీ ఉద్యోగం మానిన రోజే అదీ పోతుంది. ఈ రెండింటికీ నెలకు 4,000 పోతే, మిగిలిన దాంట్లో 2,000 అత్యవసర నిధికి. ఇంటి ఖర్చు, బండి వాయిదా కలిపి నెలకు 22,400 కాబట్టి ఆరు నెలలకు 1,34,400 కావాలి. ఇప్పుడు చీటీ పాడితే పాటలో తగ్గించుకున్న సొమ్ము నష్టపోతారు. చివరిదాకా ఆగితే కమిషను పోగా 95,000 దాకా వస్తుంది. ఆ సొమ్ము నేరుగా ఈ నిధికే వెళ్లాలి. చీటీ వాయిదా కూడా ఆగుతుంది కాబట్టి ఏడాదికల్లా నిధి నిండుతుంది. ఆ డబ్బు బ్యాంకు డిపాజిట్‌లో ఉంచండి, షేర్ల వైపు చూడొద్దు. చీటీ నడిపేవారికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా కనుక్కోండి.

ఆ తర్వాత నెలకు 7,000, బండి వాయిదా తీరాక 10,400 మందిరానికి ఇవ్వండి. మిగిలిన 2,75,000 ఇప్పటి నుంచి సుమారు మూడేళ్ల మూడు నెలల్లో పూర్తవుతుంది. మధ్యలో జీతం ఒక్క రూపాయి పెరగకపోయినా సరే. అప్పు తీసుకుంటే ఆనాటికి మీకింకా తొమ్మిది వాయిదాలు మిగిలి ఉండేవి.

దశమ భాగం దేని మీద అన్నది మీ మనస్సాక్షికి వదిలేస్తున్నాను. ఆ 3,800 జోలికి నేను రాను. కానుకల మీద పన్ను మినహాయింపు ఆశించకండి. కొత్త పన్ను విధానంలో విరాళాలకు ఆ మినహాయింపు లేనే లేదు, పాత విధానంలోనూ 2,000 మించిన నగదు విరాళానికి వర్తించదు.

బీమా దరఖాస్తులో నాన్నగారి షుగరు, బీపీ వివరాలు, వాడే మాత్రల పేర్లతో సహా రాయండి. ఏజెంటు వద్దన్నా రాయండి. పాత జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల నిరీక్షణ కాలం (అంతవరకు ఆ జబ్బుల ఖర్చు ఇవ్వరు) ఉంటుంది, ఎన్నేళ్లో పాలసీలో చూసుకోండి. దాచిపెడితే మాత్రం క్లెయిము తిరస్కరించడానికి కంపెనీకి మీరే కారణం ఇచ్చినట్టవుతుంది.