అమెరికాలో పీహెచ్‌డీకి టీఏ మేలా, ఆర్‌ఏ మేలా?

టీఏ (టీచింగ్ అసిస్టెంట్‌షిప్, అంటే బోధనలో సాయపడి జీతం తీసుకోవడం), ఆర్‌ఏ (రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్, అంటే ప్రొఫెసర్ పరిశోధనలో పనిచేసి జీతం తీసుకోవడం) రెండూ వచ్చే అవకాశం ఉంటే ఏది ఎంచుకోవాలని అడిగారు. ఆరేళ్లలో రెండూ చేసినవాడిగా చెబుతున్నాను: మొదటి రెండేళ్లకు టీఏయే మేలు. పరిశోధన చేస్తూనే జీతం తీసుకోవచ్చని అందరూ ఆర్‌ఏ కోసం ఆరాటపడతారు గాని, ఆ జీతం ప్రొఫెసర్‌ గారి గ్రాంటు (పరిశోధనకు వచ్చిన నిధులు) ఉన్నంతవరకే వస్తుందన్న సంగతి ఆలోచించరు.

నాకు ఆ సంగతి రెండో ఏడాది డిసెంబరులో తెలిసింది. పరీక్షల వారంలో మా ప్రొఫెసర్ గదికి పిలిచి, గ్రాంటు పొడిగింపు రాలేదని, జనవరి నుంచి జీతం ఇవ్వలేనని చెప్పారు. జీతంతో పాటు ట్యూషన్ (కోర్సుల రుసుము) మినహాయింపు కూడా పోతుందని ఆ గదిలోంచి బయటికి వచ్చాక గాని నాకు తట్టలేదు. ఎఫ్‌-1 విద్యార్థి వీసా మీద ఉన్నవారు తరగతులు జరిగే కాలంలో క్యాంపస్‌లోనైనా వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఆ గంటల కూలీతో బయటి దేశాల విద్యార్థులు కట్టే ట్యూషన్ ఎక్కడ తీరుతుంది? మూడు రోజులు రెజ్యూమె పట్టుకుని ఒక్కో విభాగం గడప ఎక్కి దిగాను. నాలుగో రోజు గణిత విభాగంలో ఎవరో చదువు మానేయగా ఖాళీ అయిన టీఏ నాకు దక్కింది. కాల్క్యులస్ జవాబు పత్రాలు కట్టలకొద్దీ దిద్దిన ఆ రాత్రులు నాకు ఏనాడూ భారమనిపించలేదు. టీఏ జీతం విభాగం బడ్జెట్‌లోంచి వస్తుంది. మొదటి ఏడాది విద్యార్థులకు కాల్క్యులస్ చెప్పవలసినంత కాలం టీఏల అవసరం తీరదు.

ఆఫర్ లెటర్ రాగానే స్టైపెండ్ అంకె ఒక్కటే చూసి మురిసిపోయేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. చాలాచోట్ల ఆ అంకె తొమ్మిది నెలలకే. వేసవి మూడు నెలలు మీరే చూసుకోవాలి. ట్యూషన్ మాఫీ అయినా ఇతర ఫీజులు విడిగా కట్టమనే విశ్వవిద్యాలయాలున్నాయి. ఆరోగ్య బీమా ఎవరు కడతారో కూడా ఆ లెటర్‌లోనే వెతకాలి.

రెండు రోజుల్లో జవాబు చెప్పమని తొందరపెట్టే విభాగాలకు లొంగకండి. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అనే విశ్వవిద్యాలయాల సంఘం తీర్మానంపై సంతకం చేసిన విశ్వవిద్యాలయాలు ఆర్థిక సహాయపు ఆఫర్లకు జవాబివ్వడానికి ఏప్రిల్ 15 వరకు గడువు ఇస్తామని ఒప్పుకున్నవే. ఆర్‌ఏయే కావాలనుకుంటే, గ్రాంటు ఎప్పటితో ముగుస్తుందో, ముగిస్తే విభాగం టీఏ ఇస్తుందో లేదో ఆ గడువులోగా ఈమెయిల్‌లో రాయించుకోండి.