హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ కారుకి గ్రిప్ ఉన్న టైర్లు ఎలా ఎంచుకోవాలి?

రోజూ విజయవాడ–గుంటూరు తిరిగే ఐ20 ఎన్ లైన్‌కి కంపెనీ సైజు 195/55 ఆర్16 (వెడల్పు 195 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ 16 అంగుళాలు). అదే ఉంచండి. వెడల్పు కోసం 205/50 వేయిస్తే టైరు ఎత్తు దాదాపు 1 సెం.మీ. తగ్గి స్పీడోమీటర్ ఎక్కువ చూపిస్తుంది. పక్కగోడ కూడా పొట్టిదవుతుంది కాబట్టి గుంతలో గట్టిగా పడితే ఉబ్బే ప్రమాదం ఎక్కువ. ఉబ్బిన టైరుకి రిపేరు లేదండి, పారేయడమే.

సైజు పక్కన 87వి ఉండాలి: ఒక్కో టైరు 545 కిలోలు మోస్తుంది, 240 కి.మీ. వేగం తట్టుకుంటుంది. ట్రెడ్‌వేర్ (అరుగుదల అంకె, ఎక్కువుంటే నెమ్మదిగా అరుగుతుంది) 200 ఉన్న మెత్త రబ్బరు జోలికి పోవద్దు, మన మే ఎండలకి ఇట్టే అరిగిపోతుంది. 300 పైన, నీళ్లు పోయే గాళ్లు వెడల్పుగా ఉన్నది చాలు.

టైరు పక్కగోడ మీది డాట్ (DOT) కోడ్ చివరి నాలుగంకెలు చూడకుండా డబ్బు కట్టకండి. 2325 అంటే 2025లో 23వ వారం తయారీ. పాత సరుకే ‘ఆఫర్’లో అంటగడతారు.

రెండే మారిస్తే కొత్తవి వెనక్కి, ముందు చక్రాలు లాగే బండైనా సరే. వాననీటిలో వెనక జారితే స్టీరింగ్‌తో అదుపు చేయడం కష్టం. బిగించాక అలైన్‌మెంట్ (చక్రాల కోణం సరిచేయడం) మానేస్తే టైరు ఒక అంచు త్వరగా అరిగిపోవచ్చు. గాలి మాత్రం పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడండి.