కాపలా ఎవరి మీద పెడుతున్నారు?

ప్రియమైన మిత్రునికి,

సొంత బ్లాగులో స్పాము వ్యాఖ్యలను తగ్గించుకోవడం గురించి మీరు రాసి పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి నాలుగో పేజీ దగ్గర చిరాకుపడి పక్కన పెట్టాను. రెండోసారి ఆ పేజీయే ఈ ఉత్తరం రాయించింది. "ప్రతి వ్యాఖ్యకూ ముందు క్యాప్చా పెట్టండి, అనుమానం వస్తే తొలగించండి, పోయేదేమీ లేదు" అని, అంటే వ్యాఖ్య రాసే ప్రతివారూ తాము యంత్రం కాదని ముందు ఒక పరీక్షలో రుజువు చేసుకోవాలని, అక్కడ రాశారు. పోయేదేమిటో మీకు తెలియకపోలేదు. "చాలా చక్కని సమాచారం, ఇలాగే రాస్తూ ఉండండి" అంటూ మీ టపాకు తొలి వ్యాఖ్య వచ్చిన రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదనీ, తెల్లవారి ఆ పేరు మీద నొక్కితే మందులమ్మే సైటు తెరుచుకుందనీ మొదటి పేజీలో మూడే మూడు వాక్యాల్లో చెప్పి వదిలేశారు. వ్యాసంలో ప్రాణమున్న చోటు అదే. మిగతా పద్నాలుగు చిట్కాలూ ఎవరైనా రాయగలరు.

ఆ వ్యాఖ్య మీ కోసం రాసింది కాదని తెలిసినప్పుడు, మరి ఎవరి కోసం రాశారని అడగవలసింది. అది సెర్చ్ ఇంజను కోసం రాసినది. ఒక పేజీకి ఎక్కడెక్కడి నుంచి లింకులు వస్తున్నాయో చూసి దాని విలువ కట్టే పద్ధతితో 1998లో గూగుల్ బయలుదేరిన తరువాత లింకుకు గిరాకీ పెరిగింది. అడగకుండా, అనుమతి లేకుండా లింకు నాటగలిగిన చోటు వ్యాఖ్యల పెట్టె అయింది. 2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎమ్మెస్సెన్ అనే మూడు సెర్చ్ ఇంజన్లూ నోఫాలో అనే గుర్తును అంగీకరించి, అది ఉన్న లింకును ర్యాంకు లెక్కలో చేర్చబోమని ప్రకటించాయి. అయినా స్పాము ఆగలేదు, ఎందుకంటే లక్ష బ్లాగుల్లో వ్యాఖ్యలు వేసే ప్రోగ్రాముకు ఎక్కడ ఆ గుర్తు ఉందో వెతకడం కన్నా అన్నిచోట్లా వేసేసి పోవడమే సులువు. 2019లో గూగుల్ ఆ గుర్తును ఇకపై ఆజ్ఞగా కాక సూచనగా చూస్తామని చెప్పింది. ఈ కథంతా తెలిసిన పాఠకుడికి, వ్యాఖ్యాత సైటు చిరునామా అడిగే గడిని తీసేయమని మీరిచ్చిన ఏడో చిట్కా ఎందుకు కొంత పనిచేస్తుందో, ఎందుకు పూర్తిగా పనిచేయదో తనంతట తానే అర్థమవుతుంది.

కారణాల జోలికి వెళితే పాఠకుడు పారిపోతాడని మీకెవరో చెప్పి ఉంటారు. నాకూ చెప్పారు. ఒకప్పుడు ఇదే విషయం మీద నేను రాసిన వ్యాసంలో సరిగ్గా ఇలాంటి పేరానే ఒక సంపాదకుడు కొట్టేసి, శీర్షికలో "పది చిట్కాలు" అని చేర్చి, లెక్క చూసుకుంటే తొమ్మిదే ఉన్నాయని పదోది తానే రాసి అచ్చువేశారు. ఆ పదోది క్యాప్చా. అది నా పేరు మీదే ఇప్పటికీ తిరుగుతోంది.

ఇక నా మొండి నమ్మకం చెబుతాను: కాపలా భారం బ్లాగరి మోయాలి, చదవడానికి వచ్చినవారి నెత్తిన పెట్టకూడదు. మనిషినీ యంత్రాన్నీ వేరుచేసే పరీక్షకు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003 నాటికి క్యాప్చా అని పేరు పెట్టినప్పుడు అది తెలివైన ఆలోచనే. ఆ తరువాత డబ్బు తీసుకుని క్యాప్చాలు విప్పిపెట్టే మనుషులు వచ్చారు, యంత్రాలకూ చూపు వచ్చింది. బొమ్మల్లో వాహనాలనూ సిగ్నళ్లనూ గుర్తించమనే రకాన్ని తమ ప్రోగ్రాము ప్రతిసారీ దాటగలిగిందని జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో చూపించారు. అంటే ఆ తలుపు దగ్గర ఇప్పుడు నిలిచిపోతున్నది ఎవరు? చూపు లేక, తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడరు సాయం తీసుకునేవారు, చిన్న ఫోనులో బొటనవేలితో రాసేవారు, రెండు వాక్యాలు రాద్దామా వద్దా అని తటపటాయించేవారు.

పాఠకుడికి కనబడకుండా చేయగల కాపలా చాలానే ఉంది, మీరు దాన్ని ఒక్క వాక్యంతో దాటేశారు. ఫారంలో మనిషి కంటికి కనిపించని ఒక గడి పెడితే, ఎదురైన ప్రతి గడినీ నింపే ప్రోగ్రాము, అంటే బాటు, దాన్నీ నింపి దొరికిపోతుంది. అయితే ఆ గడికి "ఈమెయిల్" వంటి పేరు పెడితే బ్రౌజరే తనంతట తాను నింపి నిజమైన పాఠకుణ్ణి దొంగను చేస్తుంది. స్క్రీన్ రీడరుకూ, ట్యాబ్ మీటకూ అది అందకుండా చూడాలి. ఫారం తెరిచిన రెండు మూడు సెకన్లలోనే వచ్చిపడిన వ్యాఖ్యను అనుమానించడం మరొకటి. బ్లాగులు నడిపే సాఫ్ట్‌వేరైన వర్డ్‌ప్రెస్‌లోనైతే కొన్ని ఏర్పాట్లు ముందే ఉన్నాయి: రెండు లేదా అంతకన్నా ఎక్కువ లింకులు ఉన్న వ్యాఖ్యను, మీరేమీ మార్చకపోతే, అది మీ ఆమోదం కోసం నిలిపివుంచుతుంది, ఒకసారి మీరు ఆమోదించినవారి వ్యాఖ్యలను తరువాత నేరుగా వదులుతుంది, కోరితే పాత టపాల కింద వ్యాఖ్యలను మూసివేస్తుంది. ఈ మూడోదాన్ని నేను ఇష్టపడను, కానీ స్పాములో ఎక్కువ భాగం పాత టపాలకే వస్తున్నట్టు మీకు కనిపిస్తే కాదనను. మీ టపాకు లింకు ఇచ్చామని ఇతర సైట్లు తమంతట తాము పంపే ట్రాక్‌బ్యాకులు, పింగ్‌బ్యాకులు మూసేయండి. 2005 నుంచి ఉన్న అకిస్మెట్ అనే సేవ స్పామును బాగా వడకడుతుంది, కాకపోతే వ్యాఖ్యతోపాటు రాసినవారి ఐపీ చిరునామా కూడా దాని సర్వరుకు వెళుతుందని పాఠకులకు చెప్పడం మీ బాధ్యత.

చేర్చిన పదం ఉన్న వ్యాఖ్యను నేరుగా చెత్తబుట్టలో వేసే, మీరు ఎంతో మెచ్చుకున్న నిషిద్ధ పదాల జాబితాతో నేను పడ్డ అవమానం ఒకటుంది. అప్పుల ప్రకటనలు వరదలా వస్తున్నాయని విసిగి, జాబితాలో "రుణం" అని చేర్చాను. ఆ జాబితా పదం లోపలి ముక్కను కూడా పట్టుకుంటుందని తెలియలేదు. నా టపాలో ఒక తప్పును ఎత్తిచూపుతూ ఒక పాఠకుడు రాసిన వ్యాఖ్య "సరిదిద్దుకోవడానికి ఇదే తరుణం" అని ముగిసింది. తరుణంలో రుణం ఉంది. ఆయన మూడుసార్లు రాసి, చివరికి మెయిలు పంపితే గానీ నాకు తెలియలేదు. చెత్తబుట్ట 30 రోజులకు తనంతట తానే ఖాళీ అవుతుంది కనుక అప్పటికే మొదటి రెండూ పోయాయి. విమర్శను తొలగించే మనిషినని ఆయన నాలుగు నెలలు నమ్మారు. మీ నాలుగో పేజీలోని "పోయేదేమీ లేదు" అన్న మాట నాకు ఎందుకు గుచ్చుకుందో ఇప్పుడు మీకు తెలిసి ఉంటుంది.

వ్యాసాన్ని ఆ తొలి వ్యాఖ్యతో మొదలుపెట్టి తిరగరాయండి, చిట్కాల అంకెలు తీసేయండి. ఏ పత్రికకు పంపాలన్న సంగతి తరువాత చూద్దాం.

మరొక మాట. ఆ మూడు వాక్యాలు నచ్చి, మీ తొలి టపా కిందనే ఒక వ్యాఖ్య రాశాను. మీరు పెట్టిన క్యాప్చాలో సిగ్నలు దీపాలను మూడుసార్లు ఏరవలసి వచ్చింది. ఉదాహరణగా ఉంటాయని రెండు లింకులు కూడా ఇచ్చాను. పన్నెండు రోజులైంది, ఇంకా కనిపించలేదు. నిలిపివుంచిన వరుసలో ఉందో, స్పాము గదిలో ఉందో, ఖాళీ చేసే ముందు ఒకసారి చూడండి.

మీ శ్రేయోభిలాషి