మూడు కత్తులు గోడకి, ఎనిమిది కర్రలు గాల్లో

ప్రశ్న: మాది ఆత్రేయపురం పక్కన పల్లెటూరండీ. పూతరేకులు చేసి అమ్ముతాను. కుడి భుజం పట్టేస్తే డాక్టరు గారు మూడు వారాలు కుండ దగ్గర కూర్చోవద్దన్నారు. మాఘమాసం పెళ్ళిళ్ళకి నాలుగు ఆర్డర్లు ఒప్పుకుని ఉన్నాను. ఏం చెయ్యాలో తెలీక జోస్యం చూసుకునే టారో కార్డులు రెండు తీస్తే ఎడమ పక్క ఫోర్ ఆఫ్ స్వోర్డ్స్ (నాలుగు కత్తులు, పడుకున్న యోధుడి బొమ్మ), కుడి పక్క ఎయిట్ ఆఫ్ వాండ్స్ (గాల్లో ఎనిమిది కర్రలు) వచ్చాయి. ఒకటి పడుకోమంటోంది, ఒకటి పరుగెత్తమంటోంది. దేని మాట వినాలండీ?

జవాబు: ఎయిట్ ఆఫ్ వాండ్స్ మిమ్మల్ని పరుగెత్తమనడం లేదమ్మా. కార్డు మళ్ళీ చేతిలోకి తీసుకుని చూడండి. చిగుళ్ళు వేసిన ఎనిమిది కర్రలు గాల్లో ఏటవాలుగా పోతున్నాయి. కింద ఏరు, దూరంగా గుట్ట. మనిషి లేడు, విసిరిన చెయ్యి కూడా లేదు. పైగా కర్రలు నేలవైపు వాలి ఉన్నాయి. 1909లో లండన్‌లో వచ్చిన ఈ పేకకి బొమ్మలు గీసింది పమేలా కోల్మన్ స్మిత్, గీయించింది ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్. ఈ కర్రలు తమ దారి చివరికి వస్తున్నాయనే వెయిట్ కూడా రాశారు. కాబట్టి ఇది ఇప్పటికే చెయ్యి దాటిపోయిన పనుల కార్డు. మీకైతే ఆ నాలుగు ఆర్డర్లు. అవి వాటి తేదీలకి అవి వస్తాయి, మీరు తోయక్కర్లేదు. కొత్తగా ఇంకో కర్ర మాత్రం విసరకండి.

ఇక ఫోర్ ఆఫ్ స్వోర్డ్స్‌లో కత్తులు లెక్కపెట్టండి. మూడు గోడకి మొన కిందికి వేలాడుతున్నాయి. నాలుగోది యోధుడు పడుకున్న రాతిపెట్టె పక్కనే, ఆయన పొడుగునా అడ్డంగా ఉంది. చాలామంది ఆ నాలుగో కత్తిని చూడకుండానే ‘అన్నీ వదిలెయ్యమంది’ అని చెప్పేస్తారు. నాకు ఈ కార్డులో అసలు మాట అదే అనిపిస్తుంది: మూడు తగిలించు, ఒకటి దగ్గరుంచుకో. మీరు గోడకి తగిలించాల్సినవి పిండి రుబ్బడం, కుండ మీద రేకు తియ్యడం, కొత్త బేరాలు. దగ్గరుంచుకోవాల్సింది ఫోనూ ఒక నోటు పుస్తకం. ఒక్కో ఆర్డరుకి ఒక్కో పేజీ పెట్టండి. ఇవ్వాల్సిన తేదీ, ఎన్ని రేకులు కావాలి, ఎవరి దగ్గర కొంటారు, నెయ్యీ బెల్లంపొడీ వేసి మడత ఎవరు వేస్తారు, ఇవన్నీ రాయండి. రేకులు బయట కొంటే మిగిలేది తగ్గుతుంది, నిజమే. అయినా మూడు వారాలకి అది భరించదగ్గ నష్టం. నాలుగింటిలో ఒకటి ఎలాగూ కుదరదని లెక్కలో తేలితే ఈ వారమే ఫోన్ చేసి అడ్వాన్సు తిరిగి ఇచ్చెయ్యండి. ముహూర్తానికి రెండు రోజుల ముందు చెబితే పెళ్ళివారు ఎక్కడికి పోతారు?

ఈ జంటలో ఇంకో సంగతి ఉంది. కత్తులు గాలి, కర్రలు నిప్పు. గోల్డెన్ డాన్ అనే పాతకాలపు ఇంగ్లీషు మంత్రవిద్యల సంఘం సంప్రదాయంలో ఈ రెండూ స్నేహితులు, పక్కపక్కన పడితే ఒకదాని బలం ఒకటి పెంచుతుంది. కుండ కింద మంటకి గాలి ఎక్కువైతే రేకు ఏమవుతుందో మీకు నేను చెప్పాలా! కత్తులంటే ఆలోచనలు కూడా. ఒళ్ళు మంచం మీదా మనసు ఆర్డర్ల మీదా ఉంటే మూడు వారాలు పడుకున్నా విశ్రాంతి దక్కదు. అందుకే పుస్తకం రోజుకి ఒక్కసారే, పొద్దుటే తెరవండి.

తీసేటప్పుడు ఒక పొరపాటు జరిగింది. ఏ చోటు దేనికో ముందు అనుకోలేదు. అందుకే రెండు కార్డులూ రెండు సలహాల్లా కొట్టుకున్నాయి. ఇకమీదట కలిపే ముందే ‘ఎడమది నేను ఆపాల్సింది, కుడిది ఆగకుండా నడుస్తున్నది’ అని పైకి అనండి. కర్రలు ఎడమ నుంచి కుడికి దిగుతాయి. మీకు పడినట్టు కుడి పక్క ఉంటే అవి యోధుడికి దూరంగా పోతున్నట్టు. అదే ఎడమ పక్క పడితే ఆయన మీదికే వస్తున్నట్టు, అప్పుడు విశ్రాంతి మధ్యలో కబురొస్తుందని చదువుతాం. తేల్చుకోవడానికి మూడో కార్డు తియ్యకండి, అది మూడో అనుమానం తెస్తుంది.

ప్రశ్న: నాన్నగారికి ఆపరేషన్ ఉందని కార్డు తీస్తే ఫోర్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చింది. బొమ్మలో యోధుడు పడుకున్న రాతి సమాధి చూసి మా అత్తగారు హడలిపోయారు. (భీమవరం)

జవాబు: వెయిట్ చెప్పిన అర్థాల్లో సమాధి, శవపేటిక అన్న మాటలూ ఉన్నాయి, దాచను. కానీ అదే వరసలో ఏకాంతం, మునివిశ్రాంతి, మెలకువ కూడా ఉన్నాయి. గోల్డెన్ డాన్ వాళ్ళు దీన్ని పోరు నుంచి విశ్రాంతి అన్నారు. గుండెలో మూడు కత్తులు దిగిన కార్డు దీనికి ముందుది, ఆ గాయం తర్వాత పడకే ఇది. పైన రంగుటద్దాల కిటికీలో లాటిన్‌లో ‘శాంతి’ అని రాసి ఉంటుంది, అత్తగారికి చూపించండి. చావుబతుకుల మీద మాత్రం కార్డు తియ్యకండి. ఆ ప్రశ్న సర్జన్ గారిని అడగాలి.

ప్రశ్న: సార్వా (తొలి పంట) కోతలయ్యాయి. దాళ్వా (రెండో పంట వరి) వెయ్యాలా, చేను ఖాళీగా వదలాలా అనుకుంటే ఫోర్ ఆఫ్ స్వోర్డ్స్, చారియట్ వచ్చాయండి. చారియట్ అంటే రథం కదా, వేసెయ్యమనేనా? (పాలకొల్లు)

జవాబు: ఆ రథం ఆగి ఉందండీ. నల్లదొకటి, తెల్లదొకటి స్ఫింక్సులు ముందు కూర్చుని ఉన్నాయి. పగ్గాలు లేవు. సారథి చేతిలో ఉన్నది దండం ఒక్కటే. ఎనిమిది కర్రల ఊపు ఎవరో ముందే ఇచ్చింది, రథం ఊపు సారథి తేల్చుకున్నాకే మొదలవుతుంది. పడుకున్న యోధుడి పక్కన ఇది పడిందంటే సరంజామా సిద్ధంగా ఉంది, తేల్చుకోవడమే మిగిలింది. దానికి కావాల్సింది కాలువ నీటి లెక్క. మీ చేను కాలువ శివారున ఉంటే వంతుల నీరు చివరిదాకా అందుతుందో లేదో నీటి సంఘం వాళ్ళని అడగండి. వేసవిలో కాలువలు కట్టేసే తేదీ లోపు పైరు చేతికొస్తుందో లేదో విత్తనం కాలపరిమితితో సరిచూడండి. రెండింటికీ అవునని వస్తే నారు పొయ్యండి. ఒక్కటి కాదన్నా ఈసారికి మినుములో పెసలో చల్లి చేనుకి ఊపిరి తీసుకోనివ్వండి.