జైసల్మేర్‌లో హోటల్ కడతానంటున్న మా మేనకోడలికి

చిట్టీ,

నువ్వు పంపిన పీడీఎఫ్ మొత్తం చూశాను. మొదట కళ్ళజోడు లేకుండా బొమ్మలు చూశాను, తర్వాత కూర్చుని అక్షరాలు చదివాను. జైసల్మేర్ నుంచి సమ్ ఇసుక దిబ్బలకు వెళ్ళే వైపు ముప్పై బీఘాల భూమి, 24 మట్టి ఇళ్ళ స్యూట్లు, కొన్ని టెంట్లు, ఇన్ఫినిటీ పూల్, మధ్యలో పచ్చిక. మీ అమ్మ నాకు ఫోన్ చేసి "చిన్నప్పట్నుంచి దానికి ఆ హోటల్ కబుర్లన్నీ చెప్పి నువ్వే చెడగొట్టావు" అని గంటసేపు తిట్టింది, నేను ఊఁ కొట్టాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్రపోతున్న మీ అత్తను లేపి మరీ చెప్పాను. మన ఇంట్లో హోటల్లో పనిచేసినవాణ్ణి నేనొక్కణ్ణే, అదీ పైపులు, మోటార్లు, బాయిలర్ల దగ్గర. హోటల్ కట్టించే పిల్ల మన ఇంట్లో పుడుతుందని మీ తాత కలలో కూడా అనుకుని ఉండడు.

గర్వం సంగతి అయిపోయింది, ఇక తిట్లు.

అందరికీ తెలిసిన పనులు నేను చెప్పను. వ్యవసాయ భూమిని మార్పించుకోవడం, ఫైర్ ఎన్‌ఓసీ, పొల్యూషన్ బోర్డు అనుమతి, బార్ లైసెన్సు, నీ ఫ్రెండ్స్‌తో పార్ట్‌నర్‌షిప్ కాగితం, ఇవన్నీ లాయరు, సీఏ చూస్తారు. కాగితం మాత్రం రాయించుకో, ఎంత ప్రాణ స్నేహితులైనా సరే. టెంట్లలో రూమ్ హీటర్లు పెట్టనివ్వకు, వేడినీళ్ళ బ్యాగులు ఇవ్వు.

బిజినెస్ లెక్కలో నువ్వు ఏడాది పొడుగునా అరవై శాతం ఆక్యుపెన్సీ, అంటే వందకు అరవై గదులు నిండుతాయని వేశావు. ఎవరు చెప్పారే నీకు? అక్కడ సీజన్ అక్టోబరు నుంచి మార్చి దాకా, అందులోనూ దీపావళి సెలవులకు గుజరాత్ నుంచి వచ్చే జనం, క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్, ఫిబ్రవరిలో మాఘ పున్నమికి జరిగే మరు మహోత్సవం. ఏప్రిల్ వచ్చిందంటే సమ్‌లో స్విస్ టెంట్లు విప్పి మడతపెట్టేస్తారు. జోధ్‌పూర్ నుంచి వచ్చే దారిలో ఫలోదీ అని ఊరుంది, 2016 మేలో అక్కడ 51 డిగ్రీలు కొట్టింది, దేశంలోనే రికార్డు. ఆ ఎండలో నీ మట్టి స్యూట్‌కు ముప్పై వేలు ఇచ్చి ఎవరొస్తారు? విమానాలు కూడా చలికాలంలోనే ఎక్కువ. ఆరు నెలలు సంపాదించి పన్నెండు నెలలు బతికేలా లెక్క వెయ్యి.

2023 ఫిబ్రవరిలో అక్కడి సూర్యగఢ్ హోటల్లో హిందీ సినిమా వాళ్ళు సిద్ధార్థ్ మల్హోత్రా, కియారా అద్వానీల పెళ్ళి జరిగినప్పటి నుంచి మీ వయసు వాళ్ళందరికీ జైసల్మేర్ అంటే పెళ్ళి ఫోటోలే. తప్పులేదు, పెళ్ళిళ్ళ వ్యాపారం నిజంగానే ఉంది, మన హైదరాబాద్ డబ్బున్నవాళ్ళు కూడా వెళ్తున్నారు. కానీ అది పాకిస్తాన్ బోర్డరు జిల్లా. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగాక సైన్యం సరిహద్దుకు కదిలింది, నెలల తరబడి అక్కడే ఉంది. నేనప్పుడు ఆ వైపే ఉన్నాను, ఫ్యాక్స్ మిషన్ నుంచి క్యాన్సిలేషన్లు తప్ప ఇంకేమీ రాలేదు. తర్వాత కరోనా. మొన్న 2025 మేలో పాకిస్తాన్‌తో గొడవప్పుడు రాత్రిళ్ళు ఊరంతా బ్లాకౌట్, ఎయిర్‌పోర్టు మూసేశారు. అది మే కాబట్టి సరిపోయింది, డిసెంబరైతే? ఒక్క గెస్టు రాకపోయినా ఏడాది పాటు జీతాలు ఇచ్చే డబ్బు పక్కన పెట్టాకే పునాది తవ్వు. అంత లేకపోతే 24 కాదు, పన్నెండు కట్టు.

ఇక అసలు విషయం, నా నిద్ర చెడగొట్టింది. నీ పీడీఎఫ్‌లో డ్రోన్‌తో తీసిన ఫోటో ఉంది చూడు, 11వ పేజీ. పడమటి వైపు పొడుగ్గా ఒక మట్టి దిబ్బ ఉంది. దాని లోపలి వైపు నేల రంగు వేరుగా, చదునుగా ఉంది, నాలుగు జమ్మి చెట్లున్నాయి. సరిగ్గా అక్కడే మీ ఆర్కిటెక్టు 'సెంట్రల్ లాన్' అని గీశాడు. ఆ దిబ్బ ఊరికే పుట్టింది కాదే. నాకు తెలిసి అది ఖడీన్ కట్ట.

మన చెరువు కట్టకు చుట్టం, కాకపోతే ఇక్కడ చెరువులోనే పంట. చుట్టూ ఉన్న రాతి గుట్టల మీద పడ్డ వాన జారి వచ్చి ఆ కట్ట వెనక నిలుస్తుంది, నేలలోకి ఇంకుతుంది, ఎక్కువైంది తూములోంచి పోతుంది. చలికాలం మొదట్లో ఆ తడి మీదే శనగ, గోధుమ వేస్తారు, మళ్ళీ నీళ్ళు పెట్టే పనిలేదు. 15వ శతాబ్దంలో పాలీవాల్ బ్రాహ్మణులు మొదలుపెట్టిన పద్ధతి ఇది. కుల్‌ధరా అని ఖాళీ ఊరు చూపించి దెయ్యాల కథలు చెబుతారే, ఆ ఊరు వీళ్ళదే. టూరిస్టులకు దెయ్యాలు గుర్తుంటాయి గానీ కట్టలు గుర్తుండవు. పొలం ఎంతుంటే దానికి పది పదిహేనింతల గుట్ట నేల మీద పడ్డ వాన అక్కడికి చేరుతుంది. ఇది బుర్రలో పెట్టుకుని కిందిది చదువు.

నేను పనిచేసిన ఒక హోటల్ సంగతి చెబుతాను, పేరు అడగకు, వాళ్ళ పిల్లలు ఇంకా వ్యాపారంలోనే ఉన్నారు. పెద్ద సిటీ నుంచి వచ్చిన యజమాని, స్థలం చూసింది జనవరిలో. జనవరిలో ఎడారి ఎవరికి నచ్చదు? నున్నటి నేల, మెత్తటి మట్టి, పునాది తవ్వితే రాయి తగలదు, నీడకు చెట్లు, వెనక గుట్టలు. పక్క ఊరి నుంచి మేకల్ని తోలుకొచ్చే ముసలాయన ఒకరు రోజూ వచ్చి, ఇది ఖడీన్ సాబ్, ఇక్కడ నీళ్ళు కూర్చుంటాయి అని చెప్పేవాడు. మా యజమాని నవ్వి, వీడికి డబ్బులు కావాలి అని వాచ్‌మన్‌తో వంద ఇప్పించాడు. ముసలాయన ఆ వంద తీసుకోలేదు. అప్పుడైనా అర్థం కావాలి కదా! కాలేదు. పైగా నీళ్ళు నిలవకుండా ఉండటానికని జేసీబీతో కట్టకు గండి కొట్టించి, అక్కడే మెయిన్ గేటు పెట్టించాడు. గేటు చాలా బాగుండేది, అది మాత్రం ఒప్పుకోవాలి, పసుపుపచ్చ రాతితో, నగిషీలతో.

కొన్నేళ్ళు ఏమీ కాలేదు. జైసల్మేర్‌లో ఏడాదికి పడే వాన సగటున 200 మిల్లీమీటర్లు కూడా ఉండదు. కరువు కరువు అని మనం ఏడ్చే అనంతపురంలో 550 దాకా పడుతుంది. అలాంటి చోట వాన గురించి మాట్లాడితే పిచ్చోణ్ణి చూసినట్టు చూసేవాళ్ళు. 2006 ఆగస్టు వచ్చింది. బార్మేర్ పక్కన కవాస్ అనే ఊరు మునిగిపోయింది నీకు గుర్తుండదు, చిన్నదానివి. ఆ జిల్లాలో వందమందికి పైగా చచ్చిపోయారు. ఇసుకే కదా, ఇంకిపోతుంది అనుకుంటారు అందరూ, కానీ అక్కడ కింద జిప్సం పొర ఉంది, నీళ్ళు దిగవు. వాన ఆగాక కూడా ఎన్నో రోజులు ఊరు నీళ్ళలోనే ఉంది.

ఆ వారమే మా దగ్గర కూడా. చిత్రం ఏమిటంటే హోటల్ మీద పెద్ద వానే లేదు. రాత్రి గుట్టల వైపు మెరుపులు కనబడ్డాయి, అంతే. తెల్లవారుజామున నీళ్ళు వచ్చాయి, గుట్టల మీది నీళ్ళన్నీ కలిసి, బురద రంగులో. మా గండి ఒక లారీ పట్టేంత ఉంటుంది, అది ఏ మూలకి? నడుము లోతు నిలిచాయి. మట్టి గోడల కాటేజీలు కింద తడిసి ఒక్కొక్కటీ కూర్చుండిపోయాయి. సెప్టిక్ ట్యాంకులు పొంగి సంపులో కలిశాయి, జనరేటరు మునిగింది. సీజన్ కాదు కాబట్టి గెస్టులు లేరు, ఇద్దరు వాచ్‌మన్ కుర్రాళ్ళు లాండ్రీ పైకెక్కి కూర్చున్నారు. నేను టౌన్‌లో ఉన్నాను, మధ్యాహ్నానికి గానీ చేరలేకపోయాను. అప్పటికి గండి కోసుకుపోయి కట్ట సగం కొట్టుకుపోయింది, ఆ నీళ్ళు ఒక్కసారిగా కింద ఉన్న ఊరి మీదికి వెళ్ళాయి. మనుషులు బతికారు. మేకల దొడ్లు పోయాయి.

దీంతో అయిపోయిందనుకోకు. కాటేజీలు మళ్ళీ కట్టొచ్చు, ఇన్సూరెన్సు కూడా వచ్చింది. కానీ ఆ ఏడాది నీళ్ళు నిలవలేదు కదా, అన్నేళ్ళకు అంత వాన పడితే ఊళ్ళో ఒక్కళ్ళూ శనగ వేసుకోలేకపోయారు. అక్టోబరులో హోటల్ తెరిచాం. ఒంటెల వాళ్ళు రాలేదు. పాలు రాలేదు. వంటింట్లో రొట్టెలు చేసే ఆడవాళ్ళు రాలేదు, పాటగాళ్ళు వేరే హోటల్‌కి వెళ్ళిపోయారు. ఎవరూ గొడవ చెయ్యలేదు, ధర్నా లేదు, కేసు లేదు. రాలేదంతే. రెండో సీజన్‌కు యజమాని అమ్ముకుని వెళ్ళిపోయాడు, ఇప్పటికీ వానదే తప్పంటాడు.

అందుకే చెబుతున్నా, ఆ స్థలం జనవరిలో చూసి కొనకు. జులై, ఆగస్టుల్లో వెళ్ళి నిలబడు. భూమి లెక్కలు చూసే పట్వారీ దగ్గర రికార్డు తీయించు, అది చాలదు, ఊళ్ళో ముసలివాళ్ళతో కలిసి గుట్ట ఎక్కి, నీళ్ళు ఎటు నుంచి ఎటు పోతాయో చూపించమను. ఓరణ్ అని దేవుడి పేరున వదిలేసిన మేత భూములు ఉంటాయి, చాలావాటికి కాగితాల్లో ఆ పేరే ఉండదు. వాటిని గుర్తించి అడవిగా నమోదు చెయ్యమని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజస్థాన్‌కు చెప్పింది. రేపు నీ పచ్చిక ఎవరి దేవుడిదో తేలితే ఏం చేస్తావు?

పూల్ మానుకో. మానుకోలేకపోతే చిన్నది కట్టి, వాడనప్పుడు కప్పి ఉంచు. వంద చదరపు మీటర్ల పూల్‌లో ఎండాకాలం రోజుకు వెయ్యి లీటర్ల దాకా ఊరికే ఆవిరైపోతాయి, అవి ట్యాంకర్లో వచ్చిన నీళ్ళు. దుప్పట్లు రోజూ మార్చే పద్ధతి పెట్టకు. వచ్చే నీళ్ళ కన్నా పోయే నీళ్ళ గురించి ఎక్కువ ఆలోచించు, నేను జన్మంతా చేసింది ఆ పనే. జైసల్మేర్ కోటనే చూడు, 1156లో మొదలుపెట్టిన కోట, శతాబ్దాలు నిలబడింది. ఇంటింటికీ పైపులు వచ్చి, లోపల గెస్ట్‌హౌస్‌లు పెరిగి, వాడిన నీళ్ళు పునాదుల్లోకి దిగడం మొదలయ్యాక కొన్ని బురుజులే కూలాయి. 2013లో యునెస్కో జాబితాలో చేరిందని పండగ చేసుకున్నాం గానీ, కింద తడి ఆరలేదు.

ఇంకోటి, నీకు నవ్వొస్తుందేమో. కరెంటు లైను నీ హోటల్ దాకా భూమిలోంచే వేయించు, ఖర్చైనా సరే. సమ్ వైపు చాలా నేల డెజర్ట్ నేషనల్ పార్కులోనో దాని అంచునో ఉంటుంది. అక్కడ గోడావణ్ అని పిలుస్తారే, అది మన బట్టమేక పిట్టే. అడవిలో మిగిలినవి 150 లోపే అంటారు, తీగలు కనబడక తగులుకుని చచ్చిపోతున్నాయి. నందికొట్కూరులో ఉన్నప్పుడు మీ తాత నన్ను సైకిల్ మీద రోళ్ళపాడు వైపు తీసుకెళ్ళి చూపించాడు, గడ్డిలో అంత పెద్ద పిట్ట తల ఎత్తి నిలబడితే మనిషేమో అనుకున్నాను. 1988లో దానికోసమే అక్కడ అభయారణ్యం పెట్టారు, ఇప్పుడు వెళ్తే గడ్డి కనబడుతుంది. నీ హోటల్ తీగకు తగిలి ఒకటి చచ్చిందని నేను వినకూడదు. జమ్మి చెట్లు కూడా కొట్టించకు, అక్కడ ఖేజ్రీ అంటారు, వాళ్ళ రాష్ట్ర వృక్షం. మన దసరాకు ఆకు పంచుకునే చెట్టు అదే, తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా అదే.

పాటగాళ్ళ దగ్గర బేరాలాడకు. మాంగణియార్లు తరతరాలుగా పాడుతున్నవాళ్ళు. హమీరా ఊరి సాకర్ ఖాన్ కమాయిచా అనే తీగల వాయిద్యం వాయించి 2012లో పద్మశ్రీ తీసుకున్నాడు. అలాంటివాళ్ళ పిల్లల్ని టిప్పుల కోసం భోజనాల బల్లల మధ్య తిప్పే హోటళ్ళు చూశాను. నువ్వు నెల జీతం ఇవ్వు, కూర్చోబెట్టి వినిపించు. సమ్‌లో డీజేల మోత చాలినంత ఉంది, ఇంకొకటి నువ్వు పెట్టక్కర్లేదు. నీ దగ్గర అంత డబ్బు పెట్టి దిగేవాళ్ళకు కావలసింది నిశ్శబ్దమే, రాత్రి లైట్లు తగ్గిస్తే చుక్కలు కూడా ఉచితం.

భయపెట్టానా? భయపడు కాస్త, మంచిది. నా స్పానర్లన్నీ దాచేసి, ఏడిపించి, చివరికి ఏది ఎందుకు వాడతారో అన్నీ నేర్చుకున్న పిల్లవి నువ్వు. ఈ పని నీ చేతికి వస్తుందనే నాకు నమ్మకం, అందుకే ఇంత రాస్తున్నాను. లేకపోతే మీ అమ్మతో కలిసి నేనూ వద్దనేవాణ్ణి, సులువుగా అయిపోయేది.

జులై ఆఖర్లో నేను జోధ్‌పూర్ దాకా రైల్లో వస్తాను, అక్కణ్ణుంచి నువ్వు కారు చూడు. ఆ లోగా స్థలం ఖస్రా నంబరు (మన సర్వే నంబరు లాంటిది), మీ సర్వేయరు తీసిన లెవల్స్ నాకు వాట్సాప్ చెయ్యి, ఆర్కిటెక్టు వేసిన రంగుల బొమ్మలు వద్దు. టోకెన్ అడ్వాన్సు ఇచ్చేశావా? ఇచ్చి ఉంటే ఎంతో దాచకుండా చెప్పు, తిట్టను. ఇవ్వకపోతే నేను వచ్చేదాకా ఆ బ్రోకరు ఫోన్ ఎత్తకు.

మామ