“కానాలో ద్రాక్షారసం చేసింది ప్రభువే కదా!” అంటున్నారు మా ఆయన

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఇద్దరం బాప్తిస్మం పొందినవాళ్లమే. మా ఆయన కొన్నేళ్లుగా రోజూ రాత్రి క్వార్టర్ తాగుతున్నారు. ఈ మధ్య చేతులు వణుకుతున్నాయని పొద్దున లేవగానే కూడా కొంచెం పోసుకుంటున్నారు. ఇదేమిటంటే కానా పెళ్లి, తిమోతి కడుపు జబ్బు వాక్యాలు తీసి చూపిస్తారు. సంఘపెద్దలు బల్లలో, అంటే గుడిలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభువు బల్లలో, చేయి వేయొద్దన్నారు. అప్పటి నుంచి గుడికే రావడం లేదు. నేను ఉపవాసముండి ప్రార్థిస్తున్నాను. నా ప్రార్థనలో లోపముందా? మా చిన్నత్త, తాగుడు మాన్పించడానికి ఆయనకు తెలియకుండా కూరలో కలిపే పొడి ఒకటి ఉందంటోంది. కలపమంటారా?

జవాబు: అమ్మా, ముందు మీ ఆఖరి ప్రశ్నకు జవాబు చెబుతాను. అది ప్రాణంతో పని. ఆ పొడి కలపకండి. అలా అమ్మేవాటిలో ఏముందో మనకు తెలియదు. డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ అనే మాత్ర ఒకటి ఉంది. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడుతుంది, వాంతులు, గుండెదడ వస్తాయి, బీపీ పడిపోవచ్చు. అందుకే మనిషికి చెప్పి, ఒప్పించి మరీ ఇస్తారు. సంగతి తెలియని మనిషి పైన క్వార్టర్ వేసుకుంటే ప్రాణం మీదికే రావచ్చు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ పొద్దుటి వణుకు. రాత్రి తాగింది దిగిపోతుంటే ఒళ్లు మళ్లీ మందు అడుగుతోందన్నమాట. ఈ స్థితిలో ఉన్నవాళ్లు ఏదో ఒక కూటంలో మనసు కదిలి, “ఈ రాత్రి నుంచే ముట్టను” అని ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఎవరో కొట్టడానికి వస్తున్నారంటారు, చెమటతో పక్క తడిసిపోతుంది. దాన్ని దయ్యమనుకుని చుట్టూ చేరి తెల్లవార్లూ ప్రార్థన చేసే ఇళ్లున్నాయి. ఆ గంటల్లో ఆ మనిషి ఉండాల్సింది ఆస్పత్రిలో. ప్రార్థన మానమని కాదు, ముందు 108కి ఫోన్ చేసి, బండిలో చేసుకోండి.

అందుకే ఆయన సీసాలు పారబోయకండి, డాక్టర్‌ని కలిసేదాకా ఒట్లు వేయించకండి. ఆస్పత్రిలో వణుకు తగ్గే మందులు, బి1 విటమిన్ ఇచ్చి మొదటి గండం దాటిస్తారు. మీకు గుంటూరు పెద్దాసుపత్రి సైకియాట్రీ విభాగం దగ్గర. 14446 ప్రభుత్వ హెల్ప్‌లైన్, డబ్బులు పడవు.

ఇక వాక్యాల సంగతి. కానాలో ఉన్నది పులియని రసమని వాదించేవాళ్లున్నారు. నాకు ఆ వాదన నిలవదనిపిస్తుంది. విందు ప్రధాని మాటలు చదివితే అది ద్రాక్షారసమేనని తెలుస్తుంది. ఆ విషయంలో మీ ఆయనతో గొడవ పడకండి. కానీ తిమోతి నీళ్లు మాత్రమే తాగేవాడు. అలాంటివాడికి పౌలు కడుపు జబ్బు కోసం, అదీ “కొంచెముగా” పుచ్చుకోమని చెప్పాల్సొచ్చింది. మీ ఇంట్లో పరిస్థితి తిరగబడింది కదా! పైగా క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు, విస్కీలో దాదాపు 43 శాతం ఆల్కహాలు. పెళ్లిపందిట్లో పోసిన ద్రాక్షారసానికీ దీనికీ పోలికెక్కడ?

అసలు తాగొచ్చా తాగకూడదా అన్న దాంట్లో క్రైస్తవులందరిదీ ఒకే మాట కాదు. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ల పూజలో ద్రాక్షారసమే వాడతారు, మితంగా తాగితే పాపమనరు. రక్షణ సైన్యం (సాల్వేషన్ ఆర్మీ) అనే క్రైస్తవ సంఘంలో సైనికులుగా చేరేవాళ్లు మద్యం ముట్టబోమని సంతకమే చేస్తారు. మన పెంతెకోస్తు సంఘాల్లో వాసన వచ్చినా తప్పే. కానీ మత్తులై ఉండకూడదన్న ఎఫెసీ 5:18 దగ్గర అందరిదీ ఒకటే మాట. మీ ఆయనకు చూపించాల్సింది 1 కొరింథీ 6:12. అన్నిటిలో స్వాతంత్ర్యం ఉన్నా దేనికీ లోబడనంటాడు పౌలు. పొద్దున్నే వణుకు ఆపుకోవడానికి తాగే మనిషికి స్వాతంత్ర్యం ఎక్కడ మిగిలింది? సామెతలు 23 చివరి వచనాలు ఆయన్నే చదువుకోమనండి. తాగినవాడి కళ్లకు వింతలు కనబడటం, లేవగానే మళ్లీ దాన్నే వెతుక్కోవడం, అన్నీ అక్కడున్నాయి.

మీ ప్రార్థనలో లోపం లేదమ్మా. ఇది జబ్బు. బీపీ వస్తే భార్య ప్రార్థన చాలలేదంటామా? మీరు వేళకి తినండి. చేయి చేసుకుంటే మాత్రం సిలువ మోస్తున్నానని ఓర్చుకోకండి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

సంఘపెద్దలు బల్ల ఆపడం వాళ్ల క్రమం. కానీ ఆపి, మనిషిని వదిలేయడం నాకు నచ్చలేదు. ఆయన మాట వినే పెద్ద ఒకరిని ఇంటికి పిలవండి. మత్తు లేని వేళ చూసి రమ్మనండి. వాక్యం ఎత్తకుండా “తమ్ముడూ, ఆ చేతుల వణుకు చూపించుకుందాం, నేనూ వస్తాను” అంటే చాలు. మానేశాక బల్లకి రానిచ్చే రోజు వస్తే, గిన్నెలో పులియని ద్రాక్షరసమే ఉండేలా పాస్టరు గారితో ముందే మాట్లాడండి. 1869లో అమెరికాలో వెల్చ్ అనే మెథడిస్టు అలాంటి రసం తయారు చేసింది బల్ల కోసమే. మానినవాళ్లకి ఒక్క గుక్క కూడా ప్రమాదమే.

డాక్టర్ దగ్గర పరువు కోసం లెక్క తగ్గించకండి. రోజుకెంత తాగుతారు, ఆఖరున ఎన్ని గంటలకు తాగారు, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, ఏ మాత్రలు వేసుకుంటున్నారు, ఉన్నదున్నట్టు మీరే చెప్పండి.