శనివారం సెలవిచ్చారు కదా అని

కావలి నుంచి ఒక చెల్లెలు అడిగింది: “అన్నా, వందనాలు. మా చర్చి తరఫున ఐదుగురం కెన్యాలోని కిసుముకు వస్తున్నాం. మూడు నెలలు అక్కడి స్కూల్లో పాఠాలు చెప్పాలి. వారానికి ఒక రోజు సెలవంట. సేవకని పోయి ఊళ్లు తిరిగితే చందాలిచ్చిన వాళ్లు ఏమనుకుంటారో అని మా అమ్మకు టెన్షన్. అసలు ఆ రోజు ఏం చెయ్యాలి?”

అమ్మను దిగులుపడొద్దని చెప్పమ్మా. శిష్యులకు తినే తీరిక కూడా లేకపోతే ప్రభువే వాళ్లను పక్కకు పిలిచి కాస్త అలసట తీర్చుకోమన్నాడు. మార్కు సువార్త ఆరో అధ్యాయంలో ఉంది, చూపించు. బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1845లో, అమెరికా మిషనరీలు ఎండలకు తాళలేక కొడైకెనాల్ కొండమీద ఇళ్లు కట్టుకున్నారు. అలాంటిది మీరు వారానికి ఒక పూట తిరిగితే ఎవరి సొమ్మూ పోదు.

నా భయం వేరే. మిగతా ఆరు రోజులూ స్కూలే మిమ్మల్ని కాస్తుంది. బెల్లు కొడితే లేస్తారు, వేళకు అన్నం, కాచిన నీళ్లు, గేటు దగ్గర వాచ్‌మన్. సెలవు రోజు ఇవేవీ ఉండవు. మాది కందుకూరు. కిసుములో కాపురం పెట్టి పదహారేళ్లయింది. వచ్చిపోయే టీముల్లో నేను చూసిన జ్వరాలు, పోయిన ఫోన్లు, పోలీసుల దగ్గర పంచాయితీలు దాదాపు అన్నీ సెలవు రోజువే.

ముందుగా ఒక మాట. సెలవంటే ఆదివారం అనుకుంటారు మనవాళ్లు. ఆదివారం మీకు అసలు డ్యూటీ. ఆరాధన మూడు గంటలు సాగుతుంది, ఇండియా నుంచి వచ్చారని లేపి నిలబెడతారు, పాడమంటారు. ఒక తెలుగు పాట, ఒక చిన్న సాక్ష్యం సిద్ధంగా పెట్టుకోండి. కాబట్టి సెలవు శనివారమే. కిసీ వైపు అడ్వెంటిస్టుల స్కూలైతే తిరగబడుతుంది, శనివారం ఆరాధన, ఆదివారం ఖాళీ.

ఇక టైము. స్వాహిలీలో గంటలు పొద్దున్నుంచి లెక్క. మనకు ఏడైతే వాళ్లకు ఒకటి, మనకు ఎనిమిదైతే వాళ్లకు రెండు. మన పెద్దవాళ్లు పొద్దుపొడుపు నుంచి గడియలు లెక్కపెట్టేవాళ్లే, అదే పద్ధతి. ఇది తెలియక మొదటి సెలవుకే దెబ్బతిన్నాను. కకమెగా అడవికి పోదామని ఒక మటాటు డ్రైవర్‌తో మాట్లాడుకున్నా. మటాటు అంటే మన షేర్ ఆటోకు పెద్దన్న లాంటి వ్యాను. “సా ఎంబిలి” అన్నాడు. ఎంబిలి అంటే రెండని నేర్చుకునే వచ్చాను గదా, అన్నం తిని మధ్యాహ్నం రెండింటికి ఠంచనుగా పోయి నిలబడ్డా. బండి పొద్దున ఎనిమిదింటికే వెళ్లిపోయింది. అక్కడ మొక్కజొన్న కాల్చే ఆమె పడీపడీ నవ్వింది. స్వాహిలీలో టైము చెబితే ఆరు కలుపుకోండి, చాలు.

అసలు చెప్పాల్సింది చెరువు సంగతి. చెరువంటే విక్టోరియా సరస్సు. మనం రామాయపట్నం, మైపాడు, కొత్తపట్నం సముద్రంలో మునిగి పెరిగినవాళ్లం. ఉప్పులేని నీళ్లు అంత విస్తారంగా కనపడేసరికి ఒళ్లు ఊరుకోదు. దిగొద్దు. కాళ్లు కూడా తడుపుకోవద్దు. ఒడ్డున తుంగలో, గుర్రపుడెక్కలో ఉండే చిన్న చిన్న నత్తల నుంచి ఒక పురుగు నీళ్లలోకి వస్తుంది, కంటికి కనపడదు, చర్మంలోంచే ఒంట్లోకి దూరుతుంది. బిల్‌హార్జియా అంటారు. మన దేశంలో దాదాపు లేని జబ్బు, చిక్కంతా అక్కడే.

నేను దిగాను. రెండు రోజులు కాళ్లు దురద పెట్టి తగ్గాయి, మర్చిపోయాను. నెలన్నరకు సెలవు మీద కందుకూరు వస్తే జ్వరం, పొడిదగ్గు. ఒక డాక్టరు టైఫాయిడ్ అన్నాడు, ఇంకో డాక్టరు మలేరియా అన్నాడు. వాళ్లను అనడానికి లేదు, సరస్సులో ఈతకొట్టానని నేను చెప్పందే వాళ్లకెలా తెలుస్తుంది? తిరిగి కిసుము వస్తే క్లినిక్‌లో నర్సు వేసిన మొదటి ప్రశ్న, “నీళ్లలో దిగావా?” అని. టెస్టు చేశారు, బరువు చూసి ప్రాజిక్వాంటెల్ మాత్రలిచ్చారు, తగ్గింది. ఇంటికొచ్చాక జ్వరమొస్తే ఎక్కడి నుంచి వచ్చారో, ఏ నీళ్లలో దిగారో డాక్టరుకు మీరే చెప్పండి. కిసుము చుట్టుపక్కల మలేరియా కూడా ఎక్కువే, బయలుదేరేముందే మాత్రల గురించి అడగండి.

కిసుము పక్కనే సరస్సు మీద దుంగా అనే రేవుంది, అక్కడ పడవ ఎక్కొచ్చు. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే మాత్రం దిగిపోండి. అక్కడ నీటిగుర్రాలు కూడా ఉన్నాయి, దూరం నుంచి చూడండి.

కాగితాల విషయం త్వరగా చెబుతా. 2024 జనవరి నుంచి వీసా బదులు ఈటీఏ, అంటే బయలుదేరేముందే ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి. అయితే జీతం లేకపోయినా పాఠం చెప్పడం పని కిందే లెక్క, పిలిచినవాళ్ల చేత స్పెషల్ పాస్ తీయించండి, కొద్దికాలం పని చెయ్యడానికి ఇచ్చే అనుమతి అది. సెలవు రోజు బయటికి పోతే పాస్‌పోర్టు జిరాక్స్ జేబులో ఉండాలి, అసలుది స్కూల్లో. ఎల్లో ఫీవర్ టీకా బయలుదేరడానికి కనీసం పది రోజుల ముందు పడాలి. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. ఆ టీకా వేసే చోటు, మీకు దగ్గర్లో, చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్.

మరి ఏం చెయ్యాలంటావా? పొద్దున బట్టలు ఉతుక్కోండి. స్కూల్లో ఎవరైనా టీచరమ్మను బతిమాలి ఆమెతో జూబిలీ మార్కెట్‌కు పోండి. ఆమె పక్కనుంటే ధర సగం అవుతుంది, దారి తప్పరు. ఒమెనా అనే చిన్న చేపలు ఎండబెట్టి రాశులు పోసి ఉంటారు, అచ్చం మన ఎండు నెత్తళ్ల వాసన, కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. తిలాపియా కొనండి, పొలుసు వాళ్లే తీసిస్తారు. చింతపండును ఉక్వాజు అంటారు. జికో అనే బొగ్గుల పొయ్యి మీద మట్టికుండ పెట్టి పులుసు కాయండి. మా పక్కింటామె, ఇక్కడి లువో తెగ మనిషి, ఒకసారి రుచి చూసి, ఇంత పుల్లగా ఎందుకు చేశావని అడిగింది. రెండోసారి గిన్నె తెచ్చుకుంది.

పొద్దుగూకేలోపు స్కూలుకు చేరండి. ఇక్కడ ఏడాదంతా ఆరున్నర, ఏడు మధ్య దీపం ఆర్పినట్టు చీకటి పడుతుంది. ఆరింటికి అమ్మకు ఫోన్ చెయ్యి, అక్కడ ఎనిమిదిన్నర, అన్నం తినే వేళ. ఏదో ఒక శనివారం అందరూ మా ఇంటికి రండి. పులుసు నేను కాస్తాను, కారం మాత్రం ఇంట్లో కొట్టించింది ఒక ప్యాకెట్ తెచ్చిపెట్టు.